డ్రా సెట్ చేస్తారా? ఓడినవాడు లక్కీ ఎలా అవుతాడు?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. వింబుల్డన్ పురుషుల సింగిల్స్ చూస్తూ మీ మామయ్యగారు, "ఇదంతా సెట్టింగు. లేకపోతే పెద్ద ఆటగాళ్లు ప్రతిసారీ చివరిదాకా ఒకరికొకరు ఎందుకు తగలరు?" అన్నారు. మీకు నమ్మబుద్ధి కాలేదు, కాదనడానికి జవాబూ దొరకలేదు. డ్రాలో, అంటే ఎవరితో ఎవరు ఆడాలో రాసిన పట్టికలో, పేర్ల పక్కన క్యూ, డబ్ల్యూసీ, ఎల్‌ఎల్, పీఆర్ అని కనిపించేవి ఏమిటన్నది మీ రెండో సందేహం. గుంటూరు నుంచి ఆలిండియా టెన్నిస్ టోర్నీలు ఆడుతున్న మీ 16 ఏళ్ల అబ్బాయి పేరు ఏదో ఒక రోజు అలాంటి కాగితం మీదికి ఎక్కాలంటే దారేది అన్నది మూడోది.

నేను 20 ఏళ్లకు పైగా టోర్నీల్లో పనిచేశాను. మొదట లైన్ అంపైర్‌గా, మోకాళ్లు మొరాయించాక రిఫరీ డెస్కు దగ్గర. ఎక్కువగా హైదరాబాద్‌లో, జనవరి వచ్చిందంటే చెన్నై నుంగంబాక్కంలో. ఆటగాడిగా నేను జూనియర్ స్థాయి దాటలేదు కాబట్టి ఫోర్‌హ్యాండ్ గురించి అడిగితే చెప్పలేను. డ్రా వేసే బల్ల దగ్గర మాత్రం చాలాసార్లు కూర్చున్నాను.

మీ మామయ్యగారి మాటలో సగం నిజం ఉంది. పెద్ద ఆటగాళ్లు మొదట్లోనే తగలకుండా చూస్తారు. అయితే అది దొంగచాటుగా చేసే పని కాదు, రూల్ పుస్తకంలో రాసుకుని బాహాటంగా చేస్తారు. ఆ తర్వాతిదంతా లాటరీయే. టెన్నిస్‌లో అన్యాయం ఎక్కడుందని నన్నడిగితే డ్రాలో కాదు, గేటు దగ్గర ఉందంటాను. అక్కడికి తర్వాత వస్తాను.

గ్రాండ్‌స్లామ్ (వింబుల్డన్ సహా ఏటా జరిగే నాలుగు అతిపెద్ద టోర్నీల్లో ఒకటి) సింగిల్స్ డ్రా అంటే 128 గీతలున్న కాగితం. టైటిల్ కావాలంటే 7 మ్యాచ్‌లు గెలవాలి. ఆ 128 మందిలో 32 మందికి సీడింగ్ ఇస్తారు. సీడ్ అంటే విత్తనమే. మంచి గింజలన్నీ ఒకేచోట గుప్పించకుండా చేనంతా ఎడం ఎడంగా నాటినట్టు అనుకోండి. 1వ సీడ్ మొదటి గీత మీద, 2వ సీడ్ ఆఖరి గీత మీద. ఈ రెండు చోట్లూ ఖాయం. కాబట్టి ఆ ఇద్దరూ ఫైనల్లో తప్ప తగలరు. 3, 4 సీడ్లలో ఒకరు పై సగంలోకి, ఒకరు కింది సగంలోకి వెళ్తారు. ఎవరు ఎటన్నది చీటీ తీసి తేలుస్తారు. 5 నుంచి 8 వరకు తలా ఒక క్వార్టర్లోకి (డ్రాలో నాలుగో వంతులోకి), అదీ చీటీతోనే. ఇలా దిగుతూ పోతే 32 మంది సీడ్లకూ ఒక లెక్క ఉంది. ఫలితంగా సీడ్ ఉన్న ఇద్దరు మూడో రౌండ్ కంటే ముందు ఎదురుపడరు.

మిగిలిన 96 మందికి ఏ రక్షణా లేదు. సంచిలోంచి నంబరు తీసినట్టే. సీడ్ లేనివాడికి మొదటి రౌండ్లోనే సీడ్ తగిలే అవకాశం మూడింట ఒక వంతు. సరిగ్గా నంబర్ వన్నే తగిలే అవకాశం 96లో ఒకటి. తగిలినవాడి ముఖం చూడాలి ఆ క్షణాన.

ఇప్పుడు పెద్ద టోర్నీల్లో చాలా భాగం కంప్యూటర్ చేస్తుంది. చిన్న టోర్నీల్లో మేం నంబర్లున్న ప్లాస్టిక్ బిళ్లలు సంచిలో వేసి, అక్కడున్న ఆటగాళ్లలో ఇద్దరిని పిలిచి తీయించేవాళ్లం, తర్వాత ఎవరూ వేలెత్తి చూపకుండా. ఒకసారి జిల్లా స్థాయి టోర్నీలో బిళ్లల సంచి దొరకలేదు. పక్క గదిలోంచి క్యారమ్స్ కాయిన్స్ తెచ్చి, వాటి మీద నంబర్ల కాగితాలు అంటించి డ్రా వేశాం. ఆ రోజు కాయిన్ తీసిన కుర్రాడు తన చేత్తోనే తనకు టాప్ సీడ్‌ను తెచ్చుకున్నాడు. సెట్టింగని అరవడానికి కూడా వీల్లేకపోయింది పాపం.

"మరి ఫెదరర్, జొకోవిచ్ ప్రతిసారీ ఒకే సగంలో పడ్డారు కదా" అని మీ మామయ్యగారు అడగొచ్చు. యూఎస్ ఓపెన్‌లో 2008, 2009, 2010, 2011, వరుసగా నాలుగేళ్లు వాళ్లిద్దరూ సెమీఫైనల్లోనే తగిలారు. అభిమానులు అప్పట్లో గోల గోల చేశారు. లెక్క వేసి చూద్దాం. ఆ నాలుగేళ్లూ ఇద్దరిలో ఒకరు 1 లేదా 2వ సీడ్, రెండోవాడు 3 లేదా 4వ సీడ్. అంటే ఏటా బొమ్మా బొరుసు లాంటిదే. వరుసగా నాలుగుసార్లు బొమ్మ పడే అవకాశం 16లో ఒకటి. ఏడాదికి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు, పైన నలుగురు పెద్ద ఆటగాళ్లు, దశాబ్దం పైగా. ఇన్నిసార్లు నాణెం ఎగరేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా నాలుగు పడకపోతేనే వింత. పడనివి మనకు గుర్తుండవు, అంతే. పైగా అందులో మొదటి రెండూ ఫెదరర్ గెలిచాడు, తర్వాతి రెండూ ఓటమికి ఒక్క పాయింటు దూరం నుంచి, రెండేసి మ్యాచ్ పాయింట్లు కాచుకుని మరీ జొకోవిచ్ గెలిచాడు. సెట్ చేసినవాడెవడో గానీ ఎవరి పక్షమో తేల్చుకోలేకపోయాడన్నమాట.

సీడింగ్ అంటే ర్యాంకింగే కదా అనుకుంటారు చాలామంది. ఇప్పుడు దాదాపు అంతే. వింబుల్డన్ మాత్రం చాలాకాలం సొంత లెక్క నడిపింది. 2002 నుంచి 2019 వరకు పురుషుల సింగిల్స్‌లో ర్యాంకింగ్ పాయింట్లకు గడ్డి కోర్టుల మీద సాధించినవాటిని అదనంగా కలిపి సీడింగ్ వేసేవారు. 2019లో ర్యాంకింగ్‌లో నడాల్ 2, ఫెదరర్ 3. గడ్డి లెక్క కలిపాక ఫెదరర్ 2వ సీడ్, నడాల్ 3వ సీడ్ అయ్యారు. నడాల్ అది బాగాలేదని బాహాటంగానే అన్నాడు. చీటీ తీస్తే ఫెదరర్ సగంలోనే పడ్డాడు, సెమీస్‌లో అతని చేతిలోనే ఓడాడు. 2020లో కరోనా వల్ల టోర్నీ జరగలేదు, 2021 నుంచి ఆ లెక్క ఎత్తేశారు. నా వరకు ఎత్తేయడమే మంచిదైంది. ర్యాంకు చూసి ఎవరికి వారు చెప్పుకోగలిగేదే మంచి సీడింగ్.

డ్రా నిజంగా తలకిందులయ్యేది ఎవరైనా ఆఖరి నిమిషంలో తప్పుకున్నప్పుడు. దీనికి 2017 యూఎస్ ఓపెన్‌ను మించిన ఉదాహరణ లేదు. నడాల్ 1వ సీడ్, ఆండీ మరే 2, ఫెదరర్ 3. డ్రా తీశారు, ఫెదరర్ నడాల్ ఉన్న పై సగంలో పడ్డాడు. ఆ తర్వాత, ఆట మొదలయ్యే ముందు, తుంటి నొప్పితో మరే తప్పుకున్నాడు. ఒక్క రోజు ముందే, డ్రా తీయకముందే తప్పుకుని ఉంటే ఫెదరర్ 2వ సీడ్‌గా కింది సగానికి వెళ్లేవాడు. డ్రా అయిపోయింది కాబట్టి రూల్ ప్రకారం 5వ సీడ్ చిలిచ్‌ను మరే స్థానంలోకి జరిపారు, చిలిచ్ ఖాళీ చేసిన చోటికి 17వ సీడ్ క్వెర్రీని, క్వెర్రీ చోటికి సీడ్ కాని వాళ్లలో మొదటివాడైన కోల్‌ష్రైబర్‌ను. చివర మిగిలిన ఖాళీలో, అర్హత మ్యాచ్‌ల్లో ఓడి ఇలాంటి చోటు కోసం కాచుకున్న ఒక లక్కీ లూజర్‌. పెళ్లి భోజనాల్లో ఒకరు లేస్తే వరసంతా జరిగి కూర్చున్నట్టు. పెద్దవాళ్లంతా పై సగంలో ఇరుక్కున్నారు, కింద దారి ఖాళీ అయింది. అటువైపు సెమీస్‌లో ఆడింది కెవిన్ ఆండర్సన్, కరేన్యో బుస్టా. ఆండర్సన్ ఫైనల్‌కు వచ్చి నడాల్ చేతిలో మూడు వరుస సెట్లలో ఓడాడు. ఆండర్సన్ తప్పేం లేదు, తన ముందున్నవాళ్లను తను గెలిచాడు. కానీ ఒక మనిషి నడుం కింది నొప్పి, అది బయటపెట్టిన రోజు, ఈ రెండూ ఆ ఏడాది డ్రాను ఏ కుట్రా మార్చలేనంతగా మార్చాయి.

ఎవరైనా సరే అనుమానపడాలనుకుంటే డ్రాను వదిలేసి షెడ్యూల్ మీద అనుమానపడమనండి. ఎవరు ఏ కోర్టు మీద, ఏ వేళకు ఆడతారన్నది లాటరీ కాదు. అక్కడ టీవీ ఉంది, టికెట్లున్నాయి, సాయంత్రం వచ్చే జనం ఉన్నారు. 2008 జనవరిలో చెన్నై ఓపెన్ సెమీస్‌లో నడాల్, మోయా తలపడ్డారు. ఇద్దరూ స్పెయిన్‌వాళ్లే, ఒకే దీవి నుంచి వచ్చినవాళ్లు, స్నేహితులు. మూడు సెట్లూ 6-6కు చేరి టైబ్రేక్‌లతోనే తేలాయి. నాలుగు గంటలకు కాస్త తక్కువ. నడాల్ మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచాడు. ఆ వారం నేను పక్క కోర్టుల మీద లైన్లు చూసుకుని, డ్యూటీ అయ్యాక మెట్ల మీద నిలబడి ఆ మ్యాచ్ చూశాను. చెమటకు చొక్కాలు పిండుకునేలా ఉన్నాయి. మర్నాడే ఫైనల్. యూజ్నీ చేతిలో నడాల్ 0-6, 1-6తో ఓడిపోయాడు. అంత పెద్ద ఆటగాడు ఒక్క గేమ్‌తో బయటపడటం నేను ప్రత్యక్షంగా చూసింది అదొక్కసారే. కాళ్లు కదల్లేదు. రెండో సెమీస్ ఆడినవాడికి ఫైనల్ ముందు దొరికే గంటలు తక్కువ. డ్రాలో కనిపించని తేడా ఇది.

ఇక ఆ అక్షరాలు.

క్యూ అంటే క్వాలిఫయర్. వింబుల్డన్ 128 స్థానాల్లో నేరుగా ర్యాంకింగ్‌తో వచ్చేవి 104. వైల్డ్ కార్డులకు 8. మిగిలిన 16 కోసం మరో 128 మంది ముందు వారం వింబుల్డన్‌కు దగ్గర్లోని రోహాంప్టన్‌లో కొట్టుకుంటారు. మూడు మ్యాచ్‌లు గెలిస్తే లోపలికి. 1977లో 18 ఏళ్ల మెకెన్రో ఇలా వచ్చి సెమీస్ దాకా వెళ్లాడు. 2010లో ఐస్నర్‌తో 11 గంటల 5 నిమిషాలు, మూడు రోజుల పాటు ఆడి అయిదో సెట్ 68-70తో ఓడిన మహూ కూడా క్వాలిఫయరే. అంటే ఆ మారథాన్‌కు ముందే మూడు మ్యాచ్‌లు గెలిచి వచ్చాడు. అందులో ఒకదాంట్లో ఆఖరి సెట్ 24-22. ఆ మనిషి ఆ నెలలో ఎన్ని సర్వీసులు చేశాడో ఊహించుకోండి.

డబ్ల్యూసీ అంటే వైల్డ్ కార్డ్, నిర్వాహకులు తమకు నచ్చినవాళ్లకు ఇచ్చే స్థానం. ఎక్కువగా సొంత దేశం కుర్రాళ్లకు, లేదా గాయాలతో ర్యాంకు పడిపోయిన పాత స్టార్లకు. 2001లో 125వ ర్యాంకులో ఉన్న గొరాన్ ఇవానిసెవిచ్‌కు అలాగే ఇచ్చారు. అప్పటికి అతను మూడు వింబుల్డన్ ఫైనల్స్ ఓడినవాడు. ఆ ఏడాది రాఫ్టర్‌ను అయిదో సెట్లో 9-7తో ఓడించి టైటిల్ కొట్టాడు. మనకు దగ్గర్లో అంటే 2009 చెన్నై ఓపెన్‌లో సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్. వైల్డ్ కార్డుతో వచ్చి మోయాను, కార్లోవిచ్‌ను ఓడించి ఫైనల్ ఆడాడు. చిలిచ్ చేతిలో ఓడిపోయాడు గానీ ఆ వారం నుంగంబాక్కంలో టికెట్ల కోసం నాకు వచ్చినన్ని ఫోన్లు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

పీఆర్ అంటే ప్రొటెక్టెడ్ ర్యాంకింగ్. ఆరు నెలలో అంతకు మించో గాయంతో ఆటకు దూరమైనవాడు తిరిగొచ్చినప్పుడు, గాయమైన తొలి నెలల్లో ఉన్న ర్యాంకు సగటుతో కొన్ని టోర్నీలకు ఎంట్రీ వేసుకోవచ్చు. సీడింగ్‌కు ఇది పనికిరాదు, ఎంట్రీకే. మన యూకీ భాంబ్రీ మోకాలి గాయం తర్వాత దీన్నే వాడుకున్నాడు.

ఎల్‌ఎల్. లక్కీ లూజర్. వినగానే నవ్వొచ్చే మాట ఇదే. క్వాలిఫయింగ్‌లో ఓడినవాడు, అసలు డ్రాలో ఎవరైనా తప్పుకుంటే వాళ్ల చోట్లో కూర్చుంటాడు. అంతే. అయితే ఎవరిని కూర్చోబెట్టాలన్న దాంట్లో ఒక చిన్న తెలివి ఉంది. ఓడినవాళ్లలో ర్యాంకు ప్రకారమే ఇస్తామనుకోండి, పై ర్యాంకువాడికి ముందే తెలిసిపోతుంది, ఆఖరి క్వాలిఫయింగ్ మ్యాచ్ ఓడినా తనకు సీటు ఖాయమని. అప్పుడు ఎందుకు ఒళ్లు హూనం చేసుకోవడం? అవతలివాడితో లాలూచీ పడినా ఆశ్చర్యం లేదు. అందుకే పై ర్యాంకుల్లోని కొద్దిమంది పేర్లు వేసి చీటీ తీస్తారు.

ఇలా వచ్చినవాళ్లు మొదటి రౌండ్లో ఓడి ఇంటికి పోతారనుకోకండి. 2009లో న్యూపోర్ట్ గడ్డి కోర్టుల మీద భారత సంతతి అమెరికన్ రాజీవ్ రామ్ లక్కీ లూజర్‌గా వచ్చి టైటిల్ కొట్టుకుపోయాడు. రుబ్లేవ్ మొదటి ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) టైటిల్, 2017లో ఉమాగ్‌లో, అలా వచ్చిందే. 2012 ఫ్రెంచ్ ఓపెన్‌లో గొఫాన్ నాలుగో రౌండ్ దాకా వెళ్లి ఫెదరర్ నుంచి ఒక సెట్ లాక్కున్నాడు.

కానీ నేను డెస్కు దగ్గర కొత్త కుర్రాళ్లకు చెప్పే కథ 2018 ఫ్రెంచ్ ఓపెన్‌ది. ఆ ఏడాది తప్పుకున్నవాళ్లు చాలామంది. ఆదివారం కిర్గియోస్ కూడా మోచేతి నొప్పితో తప్పుకున్నాడు. ఆ ఖాళీ మన చెన్నై కుర్రాడు ప్రజ్ఞేశ్ గుణేశ్వరన్‌కు దక్కాల్సింది. కానీ క్వాలిఫయింగ్‌లో ఓడాక అతను పారిస్‌లో ఆగలేదు, ఇటలీలోని విచెంజాలో చాలెంజర్ (ఏటీపీ టోర్నీల కింది మెట్టు) టోర్నీకి పేరిచ్చి వెళ్లిపోయాడు. అక్కడి డ్రాలో పేరు పడింది కాబట్టి ఇక్కడికి పనికిరాడు. కబురు అర్జెంటీనా ఆటగాడు మార్కో త్రుంజెలితికి వెళ్లింది. అతను బార్సిలోనాలో ఇంట్లో ఉన్నాడు. అమ్మను, తమ్ముణ్ణి, 88 ఏళ్ల నానమ్మను అద్దె కారులో ఎక్కించుకుని వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం, పది గంటలు నడుపుకుంటూ అర్ధరాత్రి వేళకు పారిస్ చేరాడు. మర్నాడు ఉదయం 11 గంటలకు మ్యాచ్. బెర్నార్డ్ టోమిచ్‌ను నాలుగు సెట్లలో ఓడించాడు. రెండో రౌండ్ చేరినందుకు 79,000 యూరోలు. ప్రజ్ఞేశ్‌ను తప్పుపట్టను. ఖాళీ వస్తుందో రాదో తెలియని చోట హోటల్ బిల్లు కడుతూ కూర్చోవడం కంటే, ఖాయంగా ఆడే టోర్నీకి వెళ్లడమే ఆ స్థాయి ఆటగాడి లెక్క ప్రకారం సరైనది. లెక్క సరైనదే, ఆ రోజు తప్పిపోయింది. తర్వాత అతను తన ర్యాంకుతోనే గ్రాండ్‌స్లామ్‌లు ఆడాడనుకోండి.

అంతమంది ఎందుకు తప్పుకున్నారన్నదీ చెప్పాలి. అంతకు ముందు ఏడాది వింబుల్డన్‌లో ఒకే రోజు సెంటర్ కోర్టు మీద జొకోవిచ్ ప్రత్యర్థి క్లిజాన్, ఫెదరర్ ప్రత్యర్థి డోల్గపోలోవ్ రెండో సెట్ మధ్యలోనే ఆట వదిలేశారు. టికెట్ కొన్న జనం ఉసూరుమన్నారు. గాయంతో ఉన్నవాడు కోర్టులోకి దిగితేనే మొదటి రౌండ్ డబ్బు, దిగకపోతే లేదు. అందుకని కుంటుతూ అయినా దిగేవాళ్లు. 2018 నుంచి గ్రాండ్‌స్లామ్‌లలో రూల్ మార్చారు. టోర్నీ చోటికి వచ్చి ముందే తప్పుకుంటే మొదటి రౌండ్ డబ్బులో సగం అతనికి, మిగతా సగం అతని చోట్లోకి వచ్చిన లక్కీ లూజర్‌కు. చిన్న సవరణ, ఇద్దరికీ మేలు చేసింది. టెన్నిస్ పాలకులు చేసిన తెలివైన పనుల్లో నేను దీన్ని పైన పెడతాను. (ఆ జాబితా చాలా పొడవేం కాదు.)

ఇప్పుడు గేటు సంగతి. మీ అబ్బాయి సంగతి కూడా ఇదే.

2025 వింబుల్డన్‌లో మొదటి రౌండ్లోనే ఓడినవాడికి 66,000 పౌండ్లు ఇచ్చారు. మన లెక్కలో 70 లక్షల రూపాయల పైనే. అదే అట్టడుగున ఉన్న, అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) నడిపే ఎం15 టోర్నీ తీసుకుంటే, టోర్నీ మొత్తం డబ్బే 15,000 డాలర్లు, వారమంతా ఆడి సింగిల్స్ గెలిచినవాడికి రెండు వేల డాలర్ల పైచిలుకు. మొదటి రౌండ్లో ఓడినవాడికి వచ్చేది హోటల్ గదికి కూడా చాలదు. రెండింట్లోనూ బంతి ఒకటే, నెట్ ఎత్తు ఒకటే. మధ్యలో ఉన్నది 104 అనే అంకె. ఏటీపీ ర్యాంకింగ్‌లో సుమారుగా ఆ లోపు ఉంటే, గ్రాండ్‌స్లామ్‌కు ఆరు వారాల ముందు ఎంట్రీ లిస్టు మూసేనాటికి పేరు ఉంటుంది. ఓడినా ఏడాదికి నాలుగు చెక్కులు. కోచ్‌నీ ఫిజియోనీ పెట్టుకోవచ్చు. 130లో ఉంటే ఆ నాలుగూ క్వాలిఫయింగ్ దయ.

సుమిత్ నాగల్‌ను చూడండి. 2023లో తన ఖాతాలో 900 యూరోలే మిగిలాయని చెప్పుకున్నాడు. అప్పటికే దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడు. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు క్వాలిఫయింగ్ ఆడి వచ్చాడు. మొదటి రౌండ్లో 31వ సీడ్ బుబ్లిక్‌ను మూడు వరుస సెట్లలో ఓడించాడు. 1989లో అదే టోర్నీలో రమేశ్ కృష్ణన్ విలాండర్‌ను ఓడించాక గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో సీడెడ్ ఆటగాణ్ణి ఓడించిన భారతీయుడు మళ్లీ అతనే. ఆ ఒక్క గెలుపుకు 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. తర్వాతి నెల చెన్నై చాలెంజర్ గెలిచి మొదటి వందలోకి వచ్చాడు. గెలిచినవాడికి దారి తెరుచుకుంటుంది నిజమే, కానీ ఆ మ్యాచ్ దాకా చేరడానికి ముందు జేబు ఖాళీ కాకుండా ఉండాలి.

మనవాడు సాకేత్ మైనేనిది ఇంకో రకం. వుయ్యూరులో పుట్టి విశాఖలో ఆడుతూ పెరిగాడు, అమెరికాలో అలబామా యూనివర్సిటీ తరఫున కాలేజీ టెన్నిస్ ఆడాడు. 2016 యూఎస్ ఓపెన్‌లో మూడు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలిచి మెయిన్ డ్రాలోకి వెళ్లాడు. మొదటి రౌండ్లో తగిలింది చెక్ ఆటగాడు వెసెలీ, అదే ఏడాది మాంటె కార్లోలో జొకోవిచ్‌ను ఓడించినవాడు. సాకేత్ అయిదు సెట్ల దాకా లాగి ఓడిపోయాడు. అప్పటికి అతనికి 28 ఏళ్లు. ఆ వయసుకు తొలి మెయిన్ డ్రా. మన దగ్గర సింగిల్స్ ఆడేవాళ్లకు మొదటి గేటు దాటడానికే ఇంతకాలం పడుతోంది.

దీనికి తోడు, మనకు పెద్ద పురుషుల టోర్నీ ఇప్పుడు లేదు. చెన్నైలో 1997 నుంచి 2017 దాకా ఏటీపీ టోర్నీ నడిచింది. తర్వాత పుణెకు పోయింది, 2023తో అదీ ఆగింది. ఆ టోర్నీ ఉన్నన్నాళ్లూ ఏటా ముగ్గురికి సింగిల్స్ వైల్డ్ కార్డులు దొరికేవి, అవి చాలావరకు మన కుర్రాళ్లకే. సోమ్‌దేవ్ ఆ గేటులోంచే వచ్చాడు. ఇప్పుడు ఆ గేటుకు తాళం పడింది.

మీ అబ్బాయికి 16 అన్నారు. ఆలిండియా టోర్నీలు ఆడుతున్నాడు కాబట్టి తర్వాతి మెట్టు ఐటీఎఫ్. దానికి ఐపిన్ అనే నమోదు నంబరు కావాలి, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. జూనియర్ ఐటీఎఫ్ టోర్నీలు ఆడుతూ పోతే, ప్రపంచ జూనియర్ ర్యాంకింగ్‌లో మొదటి వందలోకి వచ్చినవాళ్లకు పెద్దల ఐటీఎఫ్ టోర్నీల్లో కొన్ని చోట్లు కేటాయిస్తారు. అక్కడికి రాకపోయినా ఎం15 క్వాలిఫయింగ్‌కు పేరివ్వొచ్చు. ఎం15 మెయిన్ డ్రాలో ఒక మ్యాచ్ గెలిస్తే ఒక ఏటీపీ పాయింట్. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2,000. ఆ ఒకటికీ ఈ 2,000కీ మధ్య ఉన్నదంతా ప్రయాణాలు, వీసాలు, స్ట్రింగుల ఖర్చు. స్ట్రింగింగ్ సొంతంగా నేర్చుకుంటే ఏడాదికి చాలా మిగులుతుంది, నవ్వకండి. అమెరికా కాలేజీ టెన్నిస్ దారి కూడా చూడండి. చదువు, ఆట రెండూ ఒకే ఖర్చులో నడుస్తాయి. నా కొడుకైతే నేను ఆ దారే పట్టించేవాణ్ణి. మీ అబ్బాయి ఆట నేను చూడలేదు కాబట్టి అంతకు మించి చెప్పడం పెద్దరికం అవుతుంది.

ఒక్క పని మాత్రం రేపటి నుంచే నేర్పండి. క్వాలిఫయింగ్‌లో ఓడినవాడు లక్కీ లూజర్ జాబితాలో ఉండాలంటే రిఫరీ డెస్కు దగ్గర సంతకం పెట్టాలి. మర్నాడు మొదటి మ్యాచ్‌కు అరగంట ముందు మళ్లీ వచ్చి, ఇక్కడే ఉన్నానని సంతకం చేయాలి. చాలామందికి ఇది తెలియదు. తెలిసినా ఓడిన దుఃఖంలో మర్చిపోతారు. కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక టోర్నీలో మా జాబితాలో మొదటి పేరున్న కుర్రాడు రాత్రికి రాత్రే రైలెక్కేశాడు. పొద్దున్న ఒక ఆటగాడికి జ్వరం వచ్చి తప్పుకున్నాడు. నేను ఫోన్ చేశాను. అప్పటికి అతను కాజీపేట దాటేశాడు. "సార్, చైన్ లాగనా?" అన్నాడు. వద్దన్నాను, దిగినా టైముకు రాలేవని. మూడో పేరు కుర్రాడు కోర్టు పక్కన బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. సంతకం పెట్టి ఉన్నాడు. చేతులు కడుక్కుని వెళ్లి ఆడాడు, మొదటి రౌండ్ గెలిచాడు.

అందుకని టోర్నీకి వెళ్లేటప్పుడు తిరుగు టికెట్ ముందే తీయకండి.